ఐటీఐ ఫిట్టర్ చదువు ఏ స్థాయి కిందకు వస్తుంది?

ప్రశ్న: పదో తరగతి తరువాత రెండేళ్లు ఐటీఐలో ఫిట్టర్ చదివాను. పద్నాలుగేళ్ల అనుభవం ఉంది. ఉక్కు దిమ్మను ఆకురాయితో అరగదీసి 0.02 మిల్లీమీటర్ల తేడాలోపు నిలబెట్టగలను. మొన్న ఒక దరఖాస్తులో పది, ఇంటర్, డిగ్రీ అనే గడులే ఉన్నాయి. గుమాస్తా పది దగ్గర టిక్కు పెట్టారు. ఆ రెండేళ్లూ ఎటు పోయినట్టు?

జవాబు (ఐటీఐ బోధకుడు): తమ్ముడూ, చదువుకు, వృత్తి నైపుణ్యానికి ఒకే కొలబద్ద ఉండాలనే 2013లో జాతీయ నైపుణ్య అర్హతల చట్రం తెచ్చారు. ఏం తెలుసు, ఏం చేయగలరు, ఎంత బాధ్యత మోయగలరు అన్నవే అందులో కొలతలు. అప్పుడు 10 స్థాయిలు, 2023 సవరణలో 8 అయ్యాయి. అందుకే మీ స్థాయి అంకె చెప్పేటప్పుడు ఏ ఏడాది చట్రం ప్రకారమో తప్పక రాయండి. ఇప్పుడు నేర్చుకున్నదాన్ని క్రెడిట్లలో లెక్కిస్తారు: 30 గంటల అభ్యాసానికి ఒక క్రెడిట్, ఏడాదికి 40.

జవాబు (పాలిటెక్నిక్ అధ్యాపకురాలు): ఎన్‌ఐఓఎస్ (జాతీయ సార్వత్రిక పాఠశాల విద్యా సంస్థ)లో ఒక భాష, మరొక సబ్జెక్టు రాసి, ఐటీఐ క్రెడిట్లు బదిలీ చేయించుకోండి. పన్నెండో తరగతి ధ్రువపత్రం వస్తుంది. మా దగ్గర ఐటీఐ వారు నేరుగా డిప్లొమా రెండో ఏడాదిలో చేరుతున్నారు. వర్క్‌షాపులో వాళ్ల చెయ్యే ముందుంటుంది.

ప్రశ్న అడిగినవారు: అమ్మా, ఈ వారమే వివరాలు కనుక్కుంటాను.