లినక్స్ కెర్నెల్ సెల్ఫ్‌టెస్ట్ (కెర్నెల్ సోర్సుతో వచ్చే పరీక్ష ప్రోగ్రాములు) బిల్డ్‌లో పాత హెడర్లు (డిక్లరేషన్లు ఉండే ఫైళ్లు) దూరుతున్నాయి, సరైన దారి ఏది?

లినక్స్ సోర్సుకు బయట వేరే బిల్డ్ డైరెక్టరీ ఇచ్చి ‘మేక్ హెడర్స్’ (కెర్నెల్ హెడర్లను సిద్ధం చేసే కమాండ్) నడిపాను. హెడర్లు ఆ డైరెక్టరీలోని యూఎస్ఆర్/ఇంక్లూడ్‌లో సరిగ్గానే పడ్డాయి. కానీ ఎంఎం (మెమరీ మేనేజ్‌మెంట్) టెస్టుల ఫోల్డర్‌లో నేరుగా మేక్ కొడితే, కొత్తగా చేర్చిన మాక్రో ‘అన్‌డిక్లేర్డ్’ అంటూ ఆగిపోతోంది.

కంపైల్ లైన్‌లో ‘ఐసిస్టమ్’ (హెడర్లను ఎక్కడ వెతకాలో చెప్పే ఆప్షన్) పాత్ సోర్సులోని యూఎస్ఆర్/ఇంక్లూడ్‌కే పోతోంది. అక్కడ హెడర్లు లేవు, దాంతో జీసీసీ కంపైలర్ సిస్టమ్‌లో ఉన్న పాత లినక్స్ హెడర్లను తీసుకుంటోంది. ఫైల్ దొరకలేదని ఎర్రర్ రాదు, అసలు చిక్కంతా అక్కడే.

కెర్నెల్ హెడర్ల దారి చెప్పే కేహెచ్‌డీఆర్_ఇంక్లూడ్స్ అనే మేక్ వేరియబుల్‌లో బిల్డ్ డైరెక్టరీ పాత్ పెట్టి కమాండ్ లైన్‌లో ఇస్తే ఎంఎం బిల్డ్ అవుతోంది. ఆ వేరియబుల్‌ను సీఫ్లాగ్స్‌కు (కంపైలర్‌కు ఇచ్చే ఆప్షన్లు) కలపని టెస్టుల్లో మాత్రం ఫలితం లేదు. అలాంటి మేక్‌ఫైళ్లను దిద్ది ప్యాచ్ పంపాలా, లేక హెడర్‌ను సోర్సులోనే ఉన్న టూల్స్/ఇంక్లూడ్ ఫోల్డర్‌లోకి కాపీ చేయాలా? కాపీ చేస్తే రెండూ ఎప్పటికప్పుడు సరిచూడాలి, అందుకే వెనకాడుతున్నాను. దీని మీద పనిచేసినవారు దయచేసి చెప్పగలరు.