లీప్ అభ్యాసంలో వాక్యం సవరించాలన్నా, టెస్ట్ చేర్చాలన్నా ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన మా జూనియర్లకు పైథాన్ నేర్పడానికి, ప్రోగ్రామింగ్ సాధన చేయించే ఎక్సర్‌సిజమ్ వెబ్‌సైటులోని అభ్యాసాలను వాడుతున్నాం. లీపు సంవత్సరాన్ని గుర్తించే ‘లీప్’ అభ్యాసం దగ్గర చాలామంది ఆగిపోతున్నారు. వారికి లెక్క తెలియక కాదు; 100తో భాగింపబడే సంవత్సరాలకు ఉన్న మినహాయింపును, దానికి మళ్లీ 400తో వచ్చే మినహాయింపును ఒకే ఇంగ్లీషు వాక్యంలో చెప్పడం వల్ల తికమక పడుతున్నారు. ఆ వాక్యాన్ని రెండుగా విడదీసి, 2200 సంవత్సరానికి ఒక టెస్ట్ (విద్యార్థి ప్రోగ్రాం సరైన జవాబు ఇస్తోందో లేదో చూసే పరీక్ష) కూడా చేర్చి, పైథాన్ ట్రాక్ (ఆ భాష అభ్యాసాల విభాగం) ఫైళ్లుండే రిపోజిటరీకి పుల్ రిక్వెస్ట్ (మార్పును చేర్చుకోమనే అభ్యర్థన) పంపాలనుకుంటున్నాను. అయితే ముందుగా చర్చించకుండా పంపినవి అక్కడ వాటంతటవే మూసుకుపోతాయని చదివాను. ఇంత చిన్న మార్పుకు కూడా చర్చ అవసరమా? అవసరమైతే ఎక్కడ మొదలుపెట్టాలి?

సమాధానం 1

చర్చ అవసరమేనండి. మీ మార్పు చిన్నదే కానీ, అది చేరే చోటు మీరు అనుకుంటున్న పైథాన్ ట్రాక్ కాదు. లీప్ వంటి సాధన అభ్యాసాల వివరణ, టెస్టుల సమాచారం ‘ప్రాబ్లమ్ స్పెసిఫికేషన్స్’ అనే ఉమ్మడి రిపోజిటరీలో ఉంటాయి. పైథాన్, రస్ట్, జావా, ఇంకా మిగిలిన ట్రాకులన్నీ అక్కడి నుంచే ఆ వివరణను తెచ్చుకుంటాయి. మీరు పైథాన్ ట్రాక్‌లో వాక్యాన్ని దిద్దినా, తరువాత కాన్ఫిగ్‌లెట్ అనే సాధనంతో సమన్వయం చేసినప్పుడు పాత వాక్యమే తిరిగి వచ్చి కూర్చుంటుంది. ఒక భాషకే పరిమితమైన వివరణ ఇవ్వవలసి వస్తే ట్రాక్‌లో దాని కోసం అనుబంధ ఫైలు వేరుగా ఉంటుంది. మీరు చెప్పిన ఇబ్బంది మాత్రం ఏ భాష నేర్చుకునేవారికైనా ఎదురయ్యేదే కనుక ఉమ్మడి రిపోజిటరీలోనే సరిచేయాలి.

ఇక టెస్ట్ విషయం. ప్రతిపాదించే ముందు అక్కడున్న లీప్ టెస్టులను ఒక్కొక్కటిగా చదవండి, ఎందుకంటే అవి ఎంతో ఆలోచించి ఎంచుకున్న సంవత్సరాలు. 400 బదులు 200 అని రాసిన విద్యార్థిని తీసుకోండి. 1900, 2100 రెండూ 200తో భాగింపబడవు కనుక అతని ప్రోగ్రాం ఆ రెండు చోట్లా సరైన జవాబే ఇస్తుంది. 1800 దగ్గర మాత్రమే పట్టుబడుతుంది. అలాగే 2000 సంవత్సరం 125తో కూడా భాగింపబడుతుంది, 2400 భాగింపబడదు; 400 బదులు 125 అని రాసిన ప్రోగ్రాం 2000 దగ్గర నెగ్గినా 2400 దగ్గర పట్టుబడుతుంది. అందుకే రెండూ ఉన్నాయి. మీరు చేర్చాలనుకున్న 2200 కూడా 200తో భాగింపబడి 400తో భాగింపబడనిదే. అంటే 1800 పట్టుకునే పొరపాటునే అది మళ్లీ పట్టుకుంటుంది. ఇప్పటికే ఉన్న టెస్టులన్నీ దాటిపోయే ఒక తప్పు ప్రోగ్రాంను మీరు చూపించగలిగితేనే కొత్త టెస్టుకు బలమైన కారణం ఉంటుంది.

మరొకటి కూడా తెలుసుకోవాలి. ఉమ్మడి రిపోజిటరీలో ఉన్న టెస్టును ఇష్టం వచ్చినట్టు మార్చడానికి వీలులేదు. ప్రతి టెస్టుకూ ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. సవరించవలసి వస్తే పాతదాన్ని అలాగే ఉంచి, దాన్ని తిరిగి రాస్తున్నామని పేర్కొంటూ కొత్తది చేర్చాలి. దాన్ని తీసుకోవాలా వద్దా అన్నది ఆయా ట్రాకుల నిర్వాహకుల నిర్ణయం. ట్రాక్‌లో టెస్ట్ ఫైలు మారితే, విద్యార్థులు అంతకుముందు ప్రచురించిన పరిష్కారాలపై టెస్టులు మళ్లీ నడుస్తాయి. నిన్నటి వరకు నెగ్గిన పరిష్కారం ఈరోజు విఫలమైనట్టు కనిపించవచ్చు. నేర్పే ప్రాజెక్టులో ముందు మాట్లాడుకుందామని నిర్వాహకులు పట్టుబట్టడానికి ఇదే సరిపోయినంత కారణమని నా అభిప్రాయం.

సమాధానం 2

పై సమాధానంతో పూర్తిగా ఏకీభవిస్తూ ఒక్క మాట చేరుస్తాను. మీ ప్రతిపాదనలో అసలైన విలువ మీ జూనియర్లు ఎక్కడ ఆగుతున్నారో మీరు కళ్లారా చూడటంలో ఉంది. ఎన్నో ఏళ్లుగా ప్రోగ్రాములు రాస్తున్న నిర్వాహకులకు ఆ వాక్యం కష్టంగా తోచదు. అందుకే మీ వంటివారు చెప్పకపోతే వారికి తెలిసే మార్గం తక్కువ. చర్చ మొదలుపెట్టేటప్పుడు ‘వాక్యం బాగులేదు’ అనకుండా, దాన్ని చదివి విద్యార్థులు రాసిన తప్పు షరతులను వారి పేర్లు లేకుండా యథాతథంగా చూపండి. పక్కనే మీరు సూచించే వాక్యాలనూ ఇవ్వండి.

వీలైతే పైథాన్ ట్రాక్‌లో మెంటార్‌గా కూడా చేరండి. కోడ్ మార్చకుండానే చేయగలిగిన సాయం అది, దాని విలువ పుల్ రిక్వెస్ట్ కంటే ఏమాత్రం తక్కువ కాదు. పదిమంది పరిష్కారాలు చదివి జవాబిచ్చాక, ఏ అభ్యాసానికి ఎలాంటి వివరణ కావాలో మీకే స్పష్టమవుతుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. 2200 టెస్టును వదిలేస్తున్నాను. 1800 ఎందుకు ఉందో ఇప్పుడే అర్థమైంది, దాన్ని జూనియర్లకూ వివరిస్తాను. వాక్యం గురించి మాత్రం వారు రాసిన షరతులతో చర్చ మొదలుపెడతాను. అక్కడ అంగీకారం కుదిరాక పైథాన్ ట్రాక్‌కు వేరుగా మరో పుల్ రిక్వెస్ట్ పంపాలా?

సమాధానం 1

ఉమ్మడి రిపోజిటరీలో మీ మార్పు చేరిన తరువాత సాధారణంగా ట్రాక్ నిర్వాహకులే కాన్ఫిగ్‌లెట్‌తో దాన్ని తెచ్చుకుంటారు. మీరే చేయాలనుకుంటే ఆ చర్చలోనే అడగండి. అప్పుడు మారేది వివరణ మాత్రమే కనుక, పాత పరిష్కారాలపై టెస్టులు మళ్లీ నడవవలసిన పని లేదని కమిట్ సందేశంలో (మార్పుతో పాటు రాసే చిన్న వివరణలో) తెలిపే పద్ధతి ఒకటి ఉంది. దాన్ని ఎలా రాయాలో నిర్వాహకులే చెబుతారు.