మొదటి నవల తిరిగొచ్చాక మీరేం చేశారు?

గోదావరిగట్టు: పోటీకి పంపిన నా మొదటి నవల ఫలితాల్లో లేదు, సాధారణ ప్రచురణకీ తీసుకోలేదు. బాగాలేదని అన్నా తట్టుకునేదాన్నేమో, ఏ మాటా రాకపోవడమే కష్టంగా ఉంది. మీరంతా ఎలా నిలదొక్కుకున్నారు?

రావిచెట్టు: అమ్మా, 'ఉత్తర ప్రత్యుత్తరాలకు తావు లేదు' అని ప్రకటనలోనే వేస్తారు కదా. ఆ మౌనం మీ రాత మీద తీర్పు కాదు. మా రోజుల్లో తగినన్ని స్టాంపులంటించిన కవరు జతచేస్తే రాతప్రతి తిరిగొచ్చేది. పోస్ట్‌మన్ చేతిలో లావుపాటి కవరు కనిపిస్తే విప్పకుండానే తెలిసిపోయేది. ఒకసారి ఎవరో సబ్ ఎడిటర్ పదకొండో అధ్యాయం పక్కన పెన్సిల్‌తో 'కథ ఇక్కడ మొదలైంది' అని రాశారు. ముందున్న పదీ తీసేసి మొత్తం తిరగరాశాను. తర్వాత అదే సీరియల్‌గా వచ్చింది. ఆయనెవరో తెలియదు గానీ ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటాను.

కూకట్‌పల్లి పాఠకుడు: చోటు లేక ఆగిపోయినవీ చాలా ఉంటాయండీ. 1978లో మొదలైన చతుర పత్రిక నెలనెలా ఒక నవల వేసేది. అది ఆగిపోయాక వంద పేజీల నవలకి పత్రికల్లో చోటు దొరకడం గగనమే.

సిద్దిపేట చిన్నోడు: నాదీ వద్దన్నరు. బాధైంది, అబద్ధమెందుకు. చాన్నాళ్లు పెన్ను ముట్టలే. మా అక్క ఒక్కతే సదివి, ముసలవ్వ బస్టాండుల కూసున్న కాడ ఏడ్సిన అన్నది. గా ముసలవ్వ మీదనే కథ రాసిన, ఆదివారం సంచికల పడ్డది. నవల బీరువల్నే ఉన్నది, దాంట్లకెల్లి ఇంకా కథలొస్తున్నయ్.

డల్లాస్ తెలుగు: ఆర్.కె. నారాయణ్ తొలి నవల 'స్వామి అండ్ ఫ్రెండ్స్'ని ఇంగ్లండ్ ప్రచురణకర్తలు వరసగా తిప్పిపంపారు. ఆయన విసిగిపోయి, రాయి కట్టి థేమ్స్ నదిలో పడెయ్యమని ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్న స్నేహితుడు పూర్ణకి రాశారు. పూర్ణ దాన్ని ఇంగ్లిష్ నవలాకారుడు గ్రాహం గ్రీన్‌కి చూపించాడు. గ్రీన్ సాయంతో 1935లో అచ్చయింది. నారాయణ్ పట్టుదల కంటే పూర్ణ చేసిన పనే పెద్దదని నా నమ్మకం. సిద్దిపేట తమ్ముడికి వాళ్లక్క ఉన్నట్టు, మీకూ చదివి నిజం చెప్పే మనిషి ఒకరుండాలి.

గోదావరిగట్టు: మా ఇంట్లో అలాంటివాళ్లు లేరండీ. ఫలితాలొచ్చాయి కాబట్టి వేరేచోటికి పంపొచ్చా?

రావిచెట్టు: నిరభ్యంతరంగా. ఇది నా సొంత రచనే, ఇంకెక్కడా పరిశీలనలో లేదనే హామీపత్రం మాత్రం కొత్త తేదీతో రాయండి. పంపేముందు మొదటి మూడు అధ్యాయాలు నాకివ్వండి, పెన్సిల్ పట్టుకుని చదువుతాను. యూనికోడ్‌లో పంపండి తల్లీ, 'అను' అనే పాతరకం ఫాంట్లయితే నా దగ్గర తెరుచుకోదు.