పెత్రమాసకు గట్క పెట్టాలా, వద్దా?

ఉప్పల్ చిన్నకోడలు:
మా అత్తగారింట్లో పెత్రమాసకు, అంటే పెద్దలకు పెట్టే అమావాస్యకు, ఏటా జొన్న గట్క (ఉడికించిన జొన్నరవ్వ), పచ్చిపులుసు చేసి మా ఆయన వాళ్ళ నాయనమ్మ పేరు మీద పెడతారు. కరువులో ఆమె ఇంటిల్లిపాదినీ గట్కతోనే బతికించిందట, దానికి గుర్తు. ఈసారి మామయ్య వద్దే వద్దంటున్నారు. "గతిలేక తిన్నదాన్ని పండుగ నాడు ఇస్తట్ల పెట్టుడేంది, వచ్చినోళ్ళు నవ్వుతరు" అని. మా ఆయనేమో మానేది లేదంటాడు. మీరేమంటారు?

మల్కాజిగిరి మాస్టారు:
నేను మీ ఆయన పక్షం. ముందొక మాట. గట్క కరువు తిండి కాదమ్మా, మెట్ట తిండి. చెరువు కింద మడి ఉన్నవాడు వరి తిన్నాడు, వాన మీద ఆధారపడ్డవాడు జొన్న తిన్నాడు. మంచి ఏడాదిలోనూ అంతే. నిజంగా కరువొస్తే జొన్నలు మాత్రం ఎక్కడివి? చింతగింజలు వేయించి, పొట్టు తీసి, దంచుకుని తిన్నారు. అడవిలో గడ్డలు తవ్వుకున్నారు. వాటినెవరూ పండక్కి పెట్టుకోవట్లేదు, గమనించారా?

పాలమూరు నర్సన్న:
సారూ, మెట్ట తిండి అని పేరు మారిస్తె కడుపుల మంట మారదు. మా ఇంట్ల వరి బువ్వ అంటె పండుగన్న గావాలె, సుట్టమన్న రావాలె. మా అమ్మ జొన్నలు నానబెట్టి, రోట్ల దంచి, పొట్టు చెరిగి, ఇసుర్రాయిల రవ్వ పట్టి, అప్పుడు ఎసట్ల పోసేది. అడుగంటకుంట కలుపుతనే ఉండాలె. చింతపండు పిసికి, ఉల్లిగడ్డ, నిప్పుల మీద కాల్చిన మిరపకాయ, ఉప్పు వేస్తె పులుసైపాయె. కాగబెట్టే పని లేదు, కట్టెలు మిగులుతయి. 1983ల రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చినంక ఇసుర్రాయి మూలకు పడ్డది, మా అమ్మ నడుము నిలబడ్డది. 2025 ఉగాది సంది రేషన్ల సన్నబియ్యమే ఇస్తున్నరు. మీ మామ సిగ్గుపడుతలేడు బిడ్డా, ఆ రోజులు యాదికి తెచ్చుకోబుద్ధైతలేదు.

కొండాపూర్ కోడర్:
అదే గట్క మా ఆఫీసు పక్కన 'మిల్లెట్ బౌల్' అయింది, పైన దానిమ్మ గింజలు చల్లి. 2023ను ఐరాస చిరుధాన్యాల సంవత్సరమని ప్రకటించాక ఆ ముచ్చట ఇంకా ముదిరింది. షుగరొచ్చిన మా నాన్న రోజూ సాయంత్రం రోడ్డు పక్కన పెనం పెట్టుకున్న అక్క దగ్గర జొన్నరొట్టెలు కట్టించుకొస్తాడు. ఇప్పుడెవరు నవ్వుతారండీ?

సికింద్రాబాద్ సుజాత:
నవ్వనిది గట్కను చూసే. మా ఇంట్లో కష్టకాలం వంట తునకలు. మాంసాన్ని సన్నగా చీరి, ఉప్పూ పసుపూ పట్టించి, దండెం మీద ఎండేసి దాచుకునేవాళ్ళు. పుంటికూరలో వేస్తే దాని రుచే వేరు. అద్దె ఇంటి డాబా మీద ఒక్కసారి ఎండేసి చూడండి, ఓనరు ఏమంటాడో తెలుస్తుంది. 'మన పాత వంటలు' అని మురిసిపోయేటప్పుడు ఎవరి కుండలో వంటలో కూడా చూసుకోవాలి కదా.

అయినా నేను వండుతాను. నర్సన్నా, యాది వద్దనుకుంటే ఎట్లా? జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ సంఘాల్లో దళిత ఆడవాళ్ళు విత్తనాలు దాచి, పాత పంటల జాతర చేస్తున్నారు. సిగ్గుపడుతూ చేస్తున్నారా?

పాలమూరు నర్సన్న:
వాళ్ళు పండించుకుంటున్నరు, తింటున్నరు, అది వాళ్ళ ఇష్టం. నేనడిగేది వేరే. పెత్రమాసకు పెద్దలకు ఇష్టమైనవి పెడ్తరు. ఆ ముసలమ్మకు గట్క ఇష్టమా, లేకుంటె అదొక్కటే దొరికిందా? ఎవరన్న అడిగిండ్రా?

ఉప్పల్ చిన్నకోడలు:
ఇప్పుడే మామయ్యను అడిగాను. ఆమెకు ఇష్టమైంది జిలేబీ అట! అంగడికి పోయినప్పుడల్లా పొట్లం కట్టించుకునేదట. గట్క పెట్టడం ఆమె పోయాక మా పెదమామయ్య మొదలుపెట్టిన పద్ధతి. మా ఆయన మొహం చూడాలి. కాసేపు గమ్మునుండి, "జిలేబీ పెడదాం, గట్క కూడా పెడదాం, నాకిష్టం" అన్నాడు.

మల్కాజిగిరి మాస్టారు:
రెండూ పెట్టండి. ఆమెకు ఇష్టమైంది ఒకటి, ఆమె చేసిన పని ఒకటి. గట్క లేకపోతే మీ పిల్లలకు ఆ ముసలమ్మ జిలేబీల అవ్వగానే మిగులుతుంది.

పాలమూరు నర్సన్న:
మిగలనియ్యి సారూ. ఏం తక్కువ?

సికింద్రాబాద్ సుజాత:
చిన్నకోడలా, మీ ఆయనకు అంత ఇష్టమైతే జొన్నలు ఆయన్నే దంచమనండి. మిక్సీ పట్టనివ్వకండి.