క్లచ్ ‘వదులు’ అంటే ఎంత వదలాలి?

క్లచ్‌కీ, గేరుకీ, యాక్సిలరేటర్‌కీ అచ్చ తెలుగు మాటలు చెప్పమని మొన్న మన గుంపులో ఒకరు అడిగితే బోలెడన్ని జవాబులు వచ్చాయి. ‘పట్టువిడుపు మీట’ అన్న మాట చూసి ముచ్చటేసింది కూడా. కానీ తిరుపతిలో ఏ డ్రైవింగ్ స్కూల్ కారు ఎక్కినా ఆ మాట వినబడదు. క్లచ్ అంటే క్లచ్చే, యాక్సిలరేటర్ అంటే ‘ఎక్స్‌లేటరే’. పేర్ల గురించి ఇంత తర్జనభర్జన పడుతున్నాం గానీ, కారు నేర్పే భాషలో అసలు పని చేసేవి క్రియలు. అవన్నీ మనవే. తొక్కు, వదులు, వెయ్యి, తియ్యి, లాగు, దించు, తిప్పు, కొయ్యి, పోనీ. మూడు పెడళ్ల పేర్లు ఎవరికైనా పది నిమిషాల్లో వచ్చేస్తాయి. బండి ఆఫ్ అయ్యేది క్రియ దగ్గరే, అందులోనూ ‘వదులు’ దగ్గర.

మా అక్క కూతురు ఈ మధ్య కారు నేర్చుకుంటోంది. ఒకరోజు నేనూ వెనక సీట్లో కూర్చున్నాను. రేణిగుంట వైపు, ప్లాట్లు వేసి ఇంకా ఇళ్లు రాని చోటు. నేర్పే మాస్టర్ పెద్దాయన, ఓపిక ఉన్న మనిషే. “క్లచ్ పూర్తిగా తొక్కమ్మా. ఫస్ట్ వెయ్యి. ఆఁ, ఇప్పుడు క్లచ్ వదులు” అన్నాడు. ఆ పిల్ల వదిలింది. కారు కప్పలా ఒక్క గంతు వేసి ఆగిపోయింది. దానికి ఆయన అన్న మాట: “వదలమన్నా గానీ, వదిలేయమన్నానా తల్లీ?”

తెలుగు వ్యాకరణం చెప్పేవాళ్లు ఈ వాక్యాన్ని ఉదాహరణగా వాడుకోవచ్చు. తిను–తినేయ్, చెప్పు–చెప్పేయ్, వదులు–వదిలేయ్. వెనక ‘వేయు’ చేరగానే పని ఒక్క దెబ్బకు ముగిసిపోతుంది, ఇక చేయడానికి ఏమీ మిగలదు. ‘చెప్పు’ అంటే మొదలుపెట్టు, నెమ్మదిగా చెప్పినా వింటాను అని. ‘చెప్పేయ్’ అంటే నాన్చకు అని. క్లచ్‌కు కావలసింది మొదటిది. అయితే మాస్టర్ చెప్పింది ‘వదులు’ అనే కదా, మరి పిల్ల ఎందుకు వదిలేసింది? ఎందుకంటే చేతిలో ఉన్నదాన్ని ‘వదులు’ అన్నప్పుడు మనం వదిలేస్తాం. చెయ్యి వదులు, తోక వదులు, జుట్టు వదులు. అక్కడ సగం వదలడం అనేది లేదు.

కానీ ఇదే మాటకు ఇంకో వాడుక ఉంది. వదులు చొక్కా. ముడి వదులైంది. నట్టు కొంచెం వదులు చెయ్యి. ఇక్కడ కొంచెం, ఇంకొంచెం, బాగా అని కొలతలు ఉన్నాయి. మాస్టర్ మనసులో ఉన్నది ఈ వదులు, పిల్ల చెవిన పడింది ఆ వదులు. అందుకే నేర్పడంలో చెయ్యి తిరిగినవాళ్లు ఒట్టి ‘వదులు’ అనరు, ‘వదులుతూ రా’ అంటారు. ఆ ‘-తూ రా’ చాలా పని చేస్తుంది. పని సాగుతూ ఉండాలి, నేను చాలు అనేదాకా ముగియకూడదు. ‘చూస్తూ రా’, ‘తగ్గిస్తూ రా’ కూడా ఇలాంటివే.

బండి కింద జరిగేది కూడా చెప్పుకుంటే ఇది ఇంకా తమాషాగా ఉంటుంది. బండి నిలబడి, ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు అది నిమిషానికి 700 నుంచి 900 చుట్లు తిరుగుతుంది. చక్రాలు కదలవు. ఈ తిరిగేదానికీ ఆ తిరగనిదానికీ మధ్య ఉన్నది క్లచ్ ప్లేటు. పెడల్ తొక్కినప్పుడు ప్లేటు ఫ్లైవీల్ నుంచి, అంటే ఇంజన్‌తో పాటు తిరిగే చక్రం నుంచి, విడిపోతుంది. కాలు పైకి వచ్చే కొద్దీ స్ప్రింగ్ బలంతో ప్రెషర్ ప్లేటు దాన్ని మళ్లీ ఫ్లైవీల్‌కు అదుముతుంది. సగంలో కాసేపు రెండూ ఒకదాని మీద ఒకటి జారుతూ, వేగాలు కలిశాక బిగుసుకుంటాయి. ఆ జారే చోటునే హాఫ్ క్లచ్ అంటున్నాం. ఆ కాసేపు ఇవ్వకుండా ఒక్కసారిగా కాలు తీస్తే, నిలబడిన బండి బరువంతా ఇంజన్ మీద పడి అది ఆగిపోతుంది.

అంటే కాలు వదిలితే లోపల ప్లేటు పట్టుకుంటుంది, కాలు తొక్కితే ప్లేటు వదులుతుంది. పైన ఒక మాట, కింద దానికి ఎదురు మాట. ఇది తెలియకే చాలామంది ‘క్లచ్ పట్టుకో’ అన్నప్పుడు తికమక పడతారు. ఈ ‘పట్టుకో’ మోటార్‌సైకిల్ నుంచి వచ్చింది. అక్కడ క్లచ్ చేతిలో ఉంటుంది కాబట్టి నిజంగానే పట్టుకుంటాం. కారులో కాలికి మారినా మాట మారలేదు. “క్లచ్ పట్టుకోని గేర్ వెయ్” అనే మాస్టర్లు తిరుపతిలో ఇప్పటికీ ఉన్నారు. మెకానిక్ దగ్గరకు వెళ్తే అదే మాట తలకిందులుగా వినబడుతుంది. “క్లచ్ పట్టడం లేదు సార్” అంటాడు. ఆయన చెప్పేది ప్లేటు గురించి, మీ కాలి గురించి కాదు.

గేర్ సంగతి చిన్నదే. గేర్ మనం ‘వేస్తాం’, అది ‘పడుతుంది’. గడియ వేశాను, గడియ పడలేదు అన్నట్టే. “రివర్స్ పడటం లేదు మాస్టర్” అన్నప్పుడు తప్పు నాదా, గేరుదా అన్నది తెలుగు తేల్చదు. నేర్చుకునేవాళ్లకు ఇంతకన్నా మర్యాద ఇచ్చే క్రియ ఉండదు.

మీ వైపు క్లచ్‌కు ఏ క్రియలు వాడతారో రాయండి. ఊరి పేరు కూడా చెప్పండి.

చిత్తూరు నుంచి ఒక సభ్యుడు:
బాగా రాసినారన్నా. మా పక్క ‘వదులు’ తక్కువ. ‘ఇడువు’ అంటాం, అంటే విడువు. “క్లచ్చు మెల్లంగా ఇడువు” అనే చెప్తారు. పూర్తిగా అయితే ‘ఇడిసిపెట్టు’. ఇంకోటి, మీరు ‘కారు నేర్చుకుంటోంది’ అని రాసినారు గానీ, మా ఊర్లో ‘కారు తోలేది నేర్చుకుంటాంది’ అంటేనే అర్థం అయ్యేది. నడపడం అనేది పేపర్లో రాసే మాట.

నా జవాబు:
‘ఇడువు’ బాగా గుర్తు చేశారు. అందులో ‘వదులు చొక్కా’ లాంటి వాడుక లేదు కాబట్టి కొలత చెప్పడానికి ‘మెల్లంగా’ తప్పనిసరి అవుతుంది. ఒకవిధంగా అదే మేలు. మాటలో రెండు అర్థాలు లేవు గనుక మాస్టర్ ఊరుకోడు, ఎలా ఇడవాలో కూడా చెప్తాడు.

‘తోలేది’ మీద మాత్రం మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. ఎద్దుల బండి తోలినవాళ్లు లారీ తోలారు, బస్సు తోలారు, ఇప్పుడు కారు తోలుతున్నారు. పశువుల్ని అదిలిస్తూ ముందుకు పంపడం దాని మొదటి అర్థం. పక్కనే ఉన్న తమిళంలో ‘ఓట్టు’ కూడా అంతే, మాడుకీ (పశువుకీ) వండికీ (బండికీ) ఒకటే క్రియ. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు చాలా తాలూకాలు ఉత్తర ఆర్కాటు నుంచే వచ్చాయి. అటు తమిళనాడులో వేలూరు, ఇటు చిత్తూరు, మధ్యలో రోజూ తిరిగే బస్సులు. మాటలు కూడా టికెట్ లేకుండా అటూ ఇటూ తిరిగాయి. ‘తోలడం’ బదులు ‘తోలేది’ అనడం కూడా ఈ సీమ పద్ధతే. దాన్ని తప్పు తెలుగు అని దిద్దేవాళ్లంటే నాకు ఒళ్లు మంట.

పలమనేరు నుంచి ఒకరు:
మాది మొగిలి ఘాట్ దాటితే వచ్చే ఊరు. కారు నేర్పేటప్పుడు మా మామ చెప్పిన మాట “ఏ గేర్లో ఎక్కినావో ఆ గేర్లోనే దిగు” అని. ఇది సామెత కింద వస్తుందా అండీ? తిరుమలకి కూడా ఇదే వర్తిస్తుందా?

నా జవాబు:
డ్రైవర్ల సామెత అనే అనుకోవచ్చు, లారీలవాళ్ల నోట బాగా నలిగిన మాట. అయితే తిరుమలలో ఒక చిక్కు ఉంది. ఎక్కే దారి, దిగే దారి వేరు. దిగేది 1944లో తెరిచిన పాత ఘాట్, ఎక్కేది 1974లో వచ్చిన రెండో ఘాట్. కాబట్టి ‘ఎక్కిన గేర్’ అని అక్షరాలా తీసుకుంటే కుదరదు. ‘ఈ దారినే ఎక్కాల్సి వస్తే ఏ గేర్ పడుతుందో దాంట్లో దిగు’ అని చదువుకోవాలి. సామెతలో ఆ ‘ఎక్కాల్సి వస్తే’ మింగేశారు.

దీని పక్కనే ఇంకో జంట ఉంది. ‘గేర్ దించు’, ‘గేర్‌లో దించు’. మొదటిది థర్డ్ నుంచి సెకండ్‌కి రమ్మని. రెండోది బండిని న్యూట్రల్ చేయకుండా కొండ దించమని. ఒక్క ‘లో’తో దించేది గేరా, బండా అన్నది మారిపోయింది. వాలులో రెండూ కావాలి, ముందు మొదటిది, తర్వాత రెండోది. కాలు యాక్సిలరేటర్ మీద నుంచి తీసి చిన్న గేర్‌లో ఉంచితే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. అది వదిలి మలుపు మలుపుకీ బ్రేక్ తొక్కిపెట్టుకుంటూ దిగితే ప్యాడ్లు వేడెక్కి, కిందకు వచ్చేసరికి కాలిన వాసన వస్తుంది. మరీ వేడెక్కితే తొక్కినా బ్రేక్ సరిగా పట్టదు. (చూశారా, ఇక్కడా ‘పట్టు’.) పెట్రోల్ కలిసొస్తుందని న్యూట్రల్‌లో దొర్లించేవాళ్లు ఇంకా ఉన్నారు. ఇప్పటి ఇంజన్లు గేర్‌లో ఉండి యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఇంధనం దాదాపు ఆపేస్తాయి. న్యూట్రల్ చేస్తే ఇంజన్ ఆగిపోకుండా ఉండటానికి ఆ కాస్తా మళ్లీ తాగుతుంది. ఇంజనే ఆఫ్ చేసి దిగేవాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు, బ్రేక్ రాయిలా గట్టిపడుతుంది, స్టీరింగ్ కూడా బరువెక్కుతుంది.

తిరుపతి నుంచి, మెకానిక్ షెడ్ ఉన్న సభ్యుడు:
సార్, మా దగ్గర ఇంకో మాట ఉంది. “క్లచ్ పైన పడతా ఉంది” అంటాం. అంటే పెడల్ దాదాపు పైదాకా వచ్చినాక గానీ బండి కదలదు. ప్లేటు అరిగినాక ఎక్కువ బండ్లలో ఇట్లే అవుతుంది. బాగా అరిగితే ‘జారతా ఉంది’ అంటాం, ఇంజన్ అరుస్తుంది గానీ బండి లాగదు. అలిపిరి దగ్గర చెకింగ్ క్యూలో హాఫ్ క్లచ్ మీదే బండిని నిలబెట్టుకుంటారు చూడండి, ఆ బండ్లే మాకు అన్నం పెట్టేది. హ్యాండ్ బ్రేక్ లాగి న్యూట్రల్ చేసుకుంటే ఏం పోయింది? ఇంకో సంగతి. స్కూల్ కార్లో మాస్టర్ కాళ్ల దగ్గర కూడా క్లచ్, బ్రేక్ ఉంటాయి. పిల్లోళ్లు తప్పు చేసినప్పుడంతా ఆయనే తొక్కేస్తాడు. లైసెన్స్ వచ్చినాక సొంత కారు ఎక్కితే గానీ తెలీదు, ఇన్నాళ్లూ తోలింది ఎవురో.

నా జవాబు:
‘పైన పడతా ఉంది’ మాట ఈ చర్చకే విలువైనది. పట్టే చోటుకు ఎత్తు ఉంటుందని అందులోనే తెలిసిపోతుంది. నేర్చుకునేవాళ్లకు ముందు చెప్పాల్సింది ఇదే. ఏ కారులో ఎంత ఎత్తున పట్టుకుంటుందో వెతుక్కోవాలి. చదునైన చోట యాక్సిలరేటర్ జోలికి పోకుండా క్లచ్ ఒక్కటే వదులుతూ వస్తే, ఒకచోట ఇంజన్ చప్పుడు కాస్త బరువెక్కి, బానెట్ ముక్కు కొంచెం లేస్తుంది. ‘వదులుతూ రా’లోని ‘రా’ అక్కడ ఆగాలి. పాదం అక్కడ క్షణం నిలబెట్టి, బండి కదిలాక మిగతాది వదలాలి. మాస్టర్ మీ బదులు తొక్కేస్తే ఈ చోటు మీ పాదానికి ఎప్పటికీ తెలియదు. ఎల్ఎల్ఆర్ (నేర్చుకునేవాళ్లకు ముందు ఇచ్చే లైసెన్స్) ఆరు నెలలు చెల్లుతుంది, 30 రోజులకే పర్మనెంట్ టెస్టుకు వెళ్లాలని రూలేమీ లేదు, 30 రోజుల లోపు వెళ్లకూడదన్నదే రూలు. తొందరెందుకు?

పుత్తూరు నుంచి ఒక మేడం:
మీ చర్చంతా క్లచ్ మీదే నడిచింది. నాకు రివర్స్ అంటేనే టెన్షన్. వెనక నిలబడినవాళ్లు “రానీ, రానీ, రానీ” అంటారు కదా. నేను డ్రైవ్ చేస్తుంటే ‘రా, రా’ అనాలి గానీ ఈ ‘రానీ’ ఏమిటి?

నా జవాబు:
మంచి ప్రశ్న మేడం. ‘రానీ’ అంటే రానివ్వు. ఆ మాట మీతోనే అంటున్నారు, కానీ రమ్మంటున్నది మిమ్మల్ని కాదు, బండిని. ‘బండిని రానివ్వు’ అని మీకు చెప్తున్నారు. ఆటో ఎక్కి “కపిలతీర్థం పోనీ అన్నా” అనడం కూడా అంతే, పోనివ్వు అని. రివర్స్‌లో ఈ తేడా పనికొస్తుంది. రివర్స్ గేర్ చాలా చిన్నది, చదును నేల మీద యాక్సిలరేటర్ లేకుండానే బండి వస్తుంది. హాఫ్ క్లచ్ దగ్గర పాదం ఉంచి, కుడి కాలు బ్రేక్ మీద పెట్టి, దాన్ని రానివ్వండి. వెనక ఉన్న మనిషి ‘హోల్డాన్’ అన్నాడంటే రెండు పెడళ్లూ కిందికి. అది ఇంగ్లీషు మాటే అయినా బస్సు కండక్టర్ల పుణ్యమా అని మనదైపోయింది. ఒక్క జాగ్రత్త, వెనక నిలబడి చెప్పే మనిషి అద్దంలో కనబడకపోతే ‘రానీ’ అన్నా సరే, రానివ్వకండి.