నాన్నకు కొలనోస్కోపీ: గురక ఉన్న మనిషికి మత్తు ఇవ్వొచ్చా?

తెనాలి శేషు:
నాన్నకు 68 ఏళ్ళు. వచ్చే మంగళవారం గుంటూరులో కొలనోస్కోపీ, అంటే పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష. "మత్తు ఇచ్చి చేస్తాం, ఏమీ తెలియదు" అని చీటీ చేతిలో పెట్టి పంపేశారు. ఆయనకు షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్ వేసుకుంటారు. రాత్రి నిద్రకు అల్‌ప్రాజోలం. ఇక గురక సంగతి చెప్పక్కర్లేదు, పక్క గదిలో మాకు నిద్ర ఉండదు. మధ్యలో టక్కున ఆగిపోయి మళ్ళీ మొదలవుతుంది. అమ్మేమో "మత్తూ వద్దు గిత్తూ వద్దు, ఓర్చుకోమను" అంటోంది. టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

ఎండోస్కోపీ సిస్టర్:
నేను ఎండోస్కోపీ గదిలోనే స్టాఫ్ నర్సునండీ. మీరు రాసినదాంట్లో షుగర్ కంటే ఆ గురకే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఆగి ఆగి వస్తోందంటే స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు కావచ్చు. మత్తు పడగానే గొంతు కండరాలు వదులై గాలి వెళ్ళే దారి మూసుకుపోవచ్చు. పైగా ఆయన వేసుకునే అల్‌ప్రాజోలం, మేమిచ్చే మత్తుమందు మిడాజోలం ఒకే జాతి మందులు. దానికి తోడు నొప్పికి ఫెంటనిల్ పడితే ఊపిరి ఇంకా మందగిస్తుంది. ఫారంలో రాసి ఊరుకోకండి, మత్తు డాక్టరుకు నోటితో చెప్పండి. అల్‌ప్రాజోలం మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు.

అలాగని మత్తు వద్దనక్కర్లేదు. డాక్టరుగారు స్క్రీన్ చూస్తున్నంతసేపూ నాన్నగారి ఊపిరిని చూసే మనిషి ఎవరో అడగండి. ఆ మనిషికి అదే పని ఉండాలి. స్కోపు అందించేవాళ్ళు, పొట్ట నొక్కేవాళ్ళు ఆ లెక్కలోకి రారు.

వేలికి పెట్టే ఆక్సీమీటరులో అంకె బాగుంటే చాలనుకుంటారు. ముక్కుకు ఆక్సిజన్ పెట్టి ఉంటే ఊపిరి ఆగినా ఆ అంకె వెంటనే పడిపోదు. క్యాప్నోగ్రాఫ్ అలా కాదు, వదిలే గాలిలోని కార్బన్ డయాక్సైడును గీతలుగా చూపిస్తుంది. మొన్న ఒక పెద్దాయనకు గీత చదునైపోయింది, పక్కన ఆక్సీమీటరు ఇంకా 97 దగ్గరే ఉంది. మత్తు డాక్టరమ్మ గడ్డం పైకెత్తి, దవడ ముందుకు లాగి "తాతగారూ, గట్టిగా పీల్చండి" అంది. గుర్రుమన్నాడు, గీత లేచింది. ఏ మందూ అక్కర్లేకపోయింది.

మిడాజోలానికి ఫ్లూమజెనిల్, ఫెంటనిల్‌కు నాలాక్సోన్ విరుగుడు. ప్రొపోఫాల్ అనే ఇంకో మత్తుమందుకు విరుగుడు లేదు. అది ఇస్తామంటే మత్తు డాక్టరు పక్కనే ఉండాల్సిందే.

డాపాగ్లిఫ్లోజిన్ మామూలుగా 3 రోజుల ముందే ఆపిస్తారు. ఖాళీ కడుపుతో, విరేచనాలతో ఉన్నప్పుడు రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలు పెరిగే ప్రమాదం ఉంది. ఈ మాట ఇవాళే ఫోన్ చేసి అడగండి, సోమవారం దాకా ఆగితే లాభం లేదు.

తెనాలి శేషు:
చాలా థాంక్స్ మేడమ్. పొద్దున్నే టీ పడకపోతే ఆయన ఉండలేరు. కాస్త ఇవ్వొచ్చా?

ఎండోస్కోపీ సిస్టర్:
పాలు కలిస్తే అది తిండి కిందే లెక్క, 6 గంటల ముందే ఆపాలి. మజ్జిగ కూడా అంతే. మంచినీళ్ళు, పాలు లేని టీ 2 గంటల ముందు వరకూ సరే. కడుపు శుభ్రం చేసే మందు నీళ్ళు కూడా ఆలోపే తాగించేయాలి. మీ ఆసుపత్రివాళ్ళు ఇంకా ఎక్కువసేపు చెబితే వాళ్ళ మాటే వినండి. ఇవన్నీ దాచి "ఏం తాగలేదు" అనేవాళ్ళతోనే మా బాధ.

పాత పేషెంటు:
నేను రెండు రకాలుగానూ చేయించుకున్నాను. మత్తు లేకుండా భరించొచ్చు గానీ, గొట్టం మలుపు తిరిగేచోట, గాలి కొట్టినప్పుడు మెలిపెట్టినట్టు నొప్పి. చిన్న ముక్క తీసినప్పుడు మాత్రం ఏమీ తెలియలేదు. మత్తుతో హాయిగా అయిపోయింది. డాక్టరు చెప్పినదంతా తలూపుతూ విన్నానట, ఒక్క ముక్క గుర్తులేదు. కాబట్టి రిపోర్టు చెప్పేటప్పుడు మీరు పక్కనుండండి. 24 గంటలు బండి ఎక్కనివ్వొద్దు, సంతకాలు పెట్టించొద్దు.

తెనాలి శేషు:
ఫోన్ చేశాను. డాపాగ్లిఫ్లోజిన్ శనివారం నుంచి ఆపమన్నారు, గురక గురించి రాసుకున్నారు. మత్తు డాక్టరు ఉంటారట. క్యాప్నోగ్రాఫ్ సంగతి కనుక్కుని చెబుతామన్నారు. సాయంత్రం మళ్ళీ చేస్తాను.