కొబ్బరినూనె సబ్బు చేతికి చురుక్కుమంటోంది: పసుపు వల్లనా, సోడా ఎక్కువైందా?

ప్రశ్న (నిజాంపేట నుంచి)

అందరికీ నమస్కారం. ఈ వేసవి నుంచి ఇంట్లో సబ్బు తయారు చేయడం నేర్చుకుంటున్నాను. అమ్మాలన్న ఉద్దేశం లేదు. ఇంట్లోవాళ్లు వాడుకోవడానికి నా చేతులతో ఒక వస్తువు చేయాలన్న కోరిక మాత్రమే. మొదటి రెండు వాయిలు మరొకరి పర్యవేక్షణలో చేశాను, బాగా వచ్చాయి. మూడో వాయి ఒంటరిగా చేశాను, అది ఇబ్బంది పెడుతోంది.

అర లీటరు కొబ్బరినూనె ప్యాకెట్టు ఒకటి పూర్తిగా పోసి, 500 గ్రాముల కొబ్బరినూనెకు లెక్క ప్రకారం 87 గ్రాముల కాస్టిక్ సోడాను 175 గ్రాముల డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి కలిపాను. హ్యాండ్ బ్లెండర్‌తో మజ్జిగపులుసు చిక్కదనం వచ్చేదాకా తిప్పి, ఒక చెంచా పసుపు వేసి, బేగంబజారులో కొన్న సిలికాన్ అచ్చులో పోశాను. పసుపు వేసిన మరుక్షణమే మిశ్రమం ఎర్రబడింది. మర్నాడు కోయబోతే అంచులు పెళుసుగా విరిగాయి. పైన తెల్లటి పొడి కట్టింది. నాలుగు వారాలు అటక మీద ఆరబెట్టి వాడి చూస్తే చేతులకు చురుక్కుమంటోంది. ఎర్రబడడం, విరగడం, పొడి కట్టడం, ఈ మూడూ సోడా ఎక్కువైందనడానికి గుర్తులేనా? ఈ సబ్బును పారేయవలసిందేనా?

సమాధానం (మెట్టుగూడ నుంచి)

నేను చాలా ఏళ్లు రసాయనశాస్త్రం బోధించాను, పదేళ్లుగా ఇంటి అవసరానికి సబ్బులు చేసుకుంటున్నాను. మీరు చెప్పిన గుర్తులు మూడూ ఒక ఎత్తు, చివర చెప్పిన చురుకు ఒక్కటీ ఒక ఎత్తు.

ముందు పసుపు సంగతి. పెళ్లిలో పారాణి ఎలా వస్తుందో మీకు తెలిసే ఉంటుంది: పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుంది. సున్నం క్షారం, సబ్బు కూడా క్షారమే. కొలతలన్నీ సరిగ్గా కుదిరిన మంచి సబ్బు పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత, 7 దాటితే క్షారం) కూడా 9, 10 మధ్య ఉంటుంది కనుక ఏ సబ్బులో వేసినా పసుపు ఎర్రబడక మానదు. అందువల్ల సోడా మిగిలిందా లేదా అన్నది పసుపు చెప్పలేదు. పైన కట్టిన తెల్లపొడి చాలా సందర్భాల్లో సోడియం కార్బొనేటు, అంటే అచ్చు పైభాగంలో ఇంకా నూనెతో కలవని సోడా గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో కలిసి ఏర్పడిన చాకలి సోడా. తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. ఇక పూర్తిగా కొబ్బరినూనెతో చేసిన సబ్బు చాలా త్వరగా గట్టిపడుతుంది. మర్నాటి దాకా ఆగకుండా, గట్టిపడినా ఇంకా గోరువెచ్చగా ఉండగానే కోయాలి. ఆలస్యమైతే కొలత సరిగ్గా ఉన్నా విరుగుతుంది.

చురుక్కుమనడం మాత్రం తేలిగ్గా తీసుకోదగినది కాదు. మీ ప్రశ్నలోనే దానికి కారణం కనిపిస్తోంది. ప్యాకెట్టు మీద అర లీటరు అని ఉంటుంది, కానీ అర లీటరు నూనె 500 గ్రాములు తూగదు. నూనె నీటికన్నా తేలిక కనుక లీటరు ప్యాకెట్టు మీద 910 గ్రాములని కూడా అచ్చువేసి ఉంటుంది. అంటే మీరు పోసినది దాదాపు 455 గ్రాములు. గ్రాము కొబ్బరినూనె సబ్బుగా మారడానికి సుమారు 0.183 గ్రాముల కాస్టిక్ సోడా కావాలి. 500 గ్రాములకైతే 91.5 గ్రాములు, అందులో 5 శాతం తగ్గించి 87 వేస్తే కొంత నూనె సబ్బుగా మారకుండా మిగిలి చర్మాన్ని కాపాడుతుంది. 455 గ్రాములకు మొత్తం కావలసినదే 83 గ్రాములు. మీరు వేసినది 87. నూనె మిగలవలసిన చోట దాదాపు 4 గ్రాముల సోడా మిగిలింది.

నిర్ధారించుకోవాలంటే వేలు తడిపి సబ్బు మీద రుద్ది, ఆ వేలిని నాలుక కొసకు ఒక్కసారి తాకించండి. సబ్బు రుచి మాత్రమే వస్తే భయం లేదు. చదరపు బ్యాటరీ కొసలు నాలుకకు ఆనించినట్టు జిల్లుమంటే సోడా మిగిలినట్టే. వెంటనే నోరు పుక్కిలించి ఉమ్మేయండి.

సమాధానం (వనస్థలిపురం నుంచి)

మాస్టారి లెక్కతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. మా ఇంట్లో నూనెను గ్లాసుతోనో గిన్నెతోనో కొలవడం మానేసి, గ్రాము దాకా చూపే త్రాసు మీదే తూస్తాము.

మీ సబ్బును పారేయకండి. చేతులకు తొడుగులూ, ముక్కుకూ నోటికీ గుడ్డా కట్టుకుని సబ్బును తురమండి. ఆ దుమ్ము పీల్చకూడదు. తురుమును స్టీలు గిన్నెలో వేసి, మరుగుతున్న నీటి మీద ఆ గిన్నె పెట్టి, నాలుగైదు చెంచాల డిస్టిల్డ్ వాటర్, 45 గ్రాముల కొబ్బరినూనె కలిపి ముద్దగా అయ్యేదాకా ఓపికగా కలపండి. మీరు తక్కువ పోసిన నూనె సరిగ్గా ఆ 45 గ్రాములే కనుక మొదట వేసిన లెక్క ఇప్పుడు కుదురుతుంది. అల్యూమినియం గిన్నె మాత్రం వాడకండి. సోడా దాన్ని తినేస్తూ హైడ్రోజన్ వాయువును విడుదల చేస్తుంది. ముద్దను అచ్చులో గట్టిగా అదిమి, చల్లారాక మళ్లీ నాలుక పరీక్ష చేయండి. చూడడానికి సున్నిపిండి ముద్దలా గరుగ్గా ఉంటుంది, వాడకానికి ఏ లోటూ ఉండదు.

మీ వైపు బోరు నీళ్లే ఎక్కువగా వాడతారనుకుంటాను. గట్టి నీటిలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెల్లటి తెట్టు కడతాయి. మాకు కృష్ణా నల్లా నీళ్లు వచ్చిన రోజు నురుగు పొంగుతుంది, బోరు నీళ్ల రోజు బకెట్టు అంచున తెట్టు మిగులుతుంది. ఉప్పునీటిలో కూడా నురుగునిచ్చే గుణం కొబ్బరినూనె సబ్బుకు ఉంది కనుక మీరు ఎంచుకున్న నూనె మన నీళ్లకు తగినదే. అయితే అది చర్మంలోని జిడ్డును బాగా లాగేస్తుంది. ఒంటికి వాడదలచుకుంటే ఈసారి 5 శాతానికి బదులు 20 శాతం తగ్గించి, 500 గ్రాముల నూనెకు 73 గ్రాముల సోడా మాత్రమే వేయండి. నేను మా పిల్లలకు ఇదే చేస్తాను.

ప్రశ్న వేసినవారి జవాబు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఖాళీ ప్యాకెట్టు ఇంకా చెత్తబుట్టలోకి వెళ్లలేదు, తీసి చూస్తే 455 గ్రాములని స్పష్టంగా ఉంది. నాలుకకు కూడా జిల్లుమంది. ఈ ఆదివారం తిరిగి కరిగిస్తాను. రెండు సందేహాలు మిగిలాయి. వానలు మొదలయ్యాక సబ్బుల మీద చెమట పట్టినట్టు చుక్కలు చేరుతున్నాయి, అది కూడా సోడాయేనా? సోడా చేతి మీద పడితే వెనిగర్ రాయాలంటారు, నిజమేనా?

సమాధానం (మెట్టుగూడ నుంచి)

ఆ చుక్కలు సోడా కాదు. నూనె సబ్బుగా మారేటప్పుడు గ్లిసరిన్ పుడుతుంది, మనం దాన్ని వేరు చేయము కనుక సబ్బులోనే ఉండి వానాకాలపు గాలిలోని తేమను లాగుతుంది. వంటగదికి దూరంగా, ఫ్యాను గాలి తగిలేచోట, ముక్కల మధ్య ఎడం ఉంచి ఆరబెట్టండి.

వెనిగర్ రాయకండి. సోడా పడిన క్షణమే నల్లా కింద చేయి పెట్టి, ధారగా పారే నీటితో కనీసం పావుగంట కడగండి. బొబ్బ లేచినా, కంట్లో పడినా కడిగాక డాక్టరు దగ్గరికి వెళ్లండి. రక్షణ కళ్లద్దాలు లేకుండా సోడా డబ్బా మూత తీయకండి. ఇంకొక మాట: నీళ్లలో సోడా కొద్దికొద్దిగా వేయాలే గాని, సోడా మీద నీళ్లు పోయకూడదు, ఒక్కసారిగా మరిగి మీదికి చిమ్ముతుంది.